సొంత కరెన్సీలో అప్పు చేసే ప్రభుత్వానికి ఖర్చు మీద హద్దు ఎక్కడ?

పద్దుపుస్తకం

చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. తన సొంత కరెన్సీలోనే అప్పు తీసుకునే దేశానికి, ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదనే గీత ఒకటి ఉందా? ఉంటే దాన్ని దేనితో కొలవాలి?

నా వాదన: గీత ఉంది. కానీ అందరూ చెప్పే అప్పు-జీడీపీ నిష్పత్తి ఆ గీత కాదు. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ రాసిన పత్రం వల్ల 90% అనే అంకె బాగా పాకింది. అప్పు అంత దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1% అని అందులో ఉంది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ పరిశోధకులు ఆ పత్రం లెక్కల ఎక్సెల్ ఫైలు తెరిచి చూస్తే ఐదు దేశాల వరసలు సగటులోకే రాలేదు. కొన్ని సంవత్సరాలు వదిలేశారు, దేశాలకిచ్చిన తూకమూ సరిగ్గా లేదు. సరిచేస్తే ఆ సగటు 2.2% అయింది. అప్పు పెరిగేకొద్దీ వృద్ధి కాస్త తగ్గుతుందన్న ధోరణి ఉండవచ్చు గానీ, 90 దగ్గర అగాధమేమీ లేదు.

యూరప్ 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందంలోని 60%, 3% అంకెలూ అలాంటివే. ధరల పెరుగుదలతో కలిపి జీడీపీ ఏడాదికి 5% పెరిగితే, 60% అప్పు మీద 3% లోటు దాన్ని అక్కడే నిలబెడుతుంది (60లో 5% అంటే 3). వృద్ధి 3%కి పడిపోతే అదే 3% లోటు అప్పును చివరికి 100% దాకా తీసుకెళ్తుంది. అంకెలు రెండూ ఒకదానికొకటి సరిపోయేలా పెట్టినవే తప్ప, 60 దాటితే ప్రమాదమని ఎవరూ నిరూపించలేదు.

నేను చూసేది వడ్డీ చెల్లింపులు ప్రభుత్వ ఆదాయంలో ఎంత శాతం అన్నది. గ్రీసు అప్పు ఇప్పటికీ జీడీపీకి ఒకటిన్నర రెట్లు, అయినా వడ్డీ ఆదాయంలో పదో వంతు కూడా కాదు. ఎందుకంటే అప్పులో ఎక్కువ భాగం యూరప్ సంస్థలు దీర్ఘకాలానికి, తక్కువ వడ్డీకి ఇచ్చినది. భారత కేంద్ర ప్రభుత్వ 2025-26 బడ్జెట్ అంచనాల్లో వడ్డీ 12.76 లక్షల కోట్లు, రాష్ట్రాల వాటా పోగా రెవెన్యూ రాబడి 34.20 లక్షల కోట్లు. అంటే 37%. శ్రీలంక 2022లో చేతులెత్తేసే ముందు ఇది సుమారు 70%. పన్నుగా వచ్చిన ప్రతి 100లో 70 వడ్డీకే పోతే జీతాలు, పింఛన్లు, ఆసుపత్రులు అన్నీ కొత్త అప్పుతోనే నడవాలి. హద్దు ఏదైనా చట్టంలో రాయాలంటే ఈ నిష్పత్తి మీద రాయాలి.

ఖజానా

కొలమానం మార్చినంత మాత్రాన మూలంలో ఉన్న పొరపాటు పోదండీ. సొంత కరెన్సీ ఉన్న ప్రభుత్వం ముందు పన్నులు వసూలు చేసి, తర్వాత అప్పు చేసి, ఆ తర్వాత ఖర్చు పెడుతుందని మీరు అనుకుంటున్నారు. చెల్లింపు జరిగే తీరు చూడండి. ప్రభుత్వం ఒక కాంట్రాక్టరుకు 100 చెల్లిస్తే, కేంద్ర బ్యాంకు ఆ కాంట్రాక్టరు బ్యాంకు ఖాతాలో 100 రిజర్వులు (కేంద్ర బ్యాంకు దగ్గర బ్యాంకులు ఉంచుకునే డబ్బు) జమ వేస్తుంది. ఆ బ్యాంకు కాంట్రాక్టరు ఖాతాలో 100 జమ వేస్తుంది. పన్ను కట్టినప్పుడు ఇదే వ్యవహారం తిరగబడుతుంది. బాండు అమ్మినప్పుడు బ్యాంకుల దగ్గరున్న రిజర్వులు వెళ్లి వాటి స్థానంలో వడ్డీ వచ్చే కాగితం వస్తుంది. అంటే ప్రైవేటు రంగం చేతిలో ఉన్న ప్రభుత్వ బాకీ ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మారింది, అంతే.

జపాన్ చూడండి. స్థూల అప్పు జీడీపీకి రెండింతలకు పైన. అందులో దాదాపు సగం బాండ్లు బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గరే ఉన్నాయి. 2016 సెప్టెంబరు నుంచి 2024 మార్చి దాకా పదేళ్ల బాండు రాబడి (కొన్నవాళ్లకు ఏటా దక్కే శాతం) ఎంత ఉండాలో ఆ బ్యాంకే నిర్ణయించింది. యెన్‌లో ఉన్న బాకీని యెన్‌లో తీర్చలేని పరిస్థితి జపాన్‌కు రాదు.

కాబట్టి వడ్డీ-ఆదాయ నిష్పత్తి కూడా చాలా మటుకు విధాన నిర్ణయమే. అసలు హద్దు సరుకులు, మనుషులు, విద్యుత్తు, దిగుమతి సామర్థ్యం. దేశంలో ఖాళీగా ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ, పని లేని ఇంజనీరు ఉన్నంతవరకు ప్రభుత్వం వాళ్లకు పని ఇవ్వగలదు. అందరికీ పని ఉన్నాక ఇంకా ఖర్చు పెడితే ధరలు పెరుగుతాయి. ఆపాల్సింది అక్కడ.

వేలంపాట

ఖజానా గారు చెప్పిన ఖాతాల లెక్క సరైనదే. కానీ ఆ లెక్కలోనే ఒక చిక్కుంది. కేంద్ర బ్యాంకు బాండ్లు కొన్నప్పుడు ప్రభుత్వ బాకీ మాయమవదు, దాని కాలపరిమితి కుదించుకుపోతుంది. ముప్పై ఏళ్ల బాండు పోయి, రోజువారీ వడ్డీ రేటు మీద నడిచే రిజర్వులు వస్తాయి.

బ్రిటన్‌లో ఇది కళ్లముందే జరిగింది. బ్రిటిష్ బాండ్ల సగటు కాలపరిమితి సుమారు 14 ఏళ్లు, పెద్ద దేశాల్లో అదే అత్యధికం. అందువల్ల వడ్డీ రేట్లు పెరిగినా ఖజానాకు నెమ్మదిగానే తగులుతుందని అందరూ ధైర్యంగా ఉన్నారు. అయితే అప్పటికే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 875 బిలియన్ పౌండ్ల ప్రభుత్వ బాండ్లు కొని, బదులుగా ఇచ్చిన రిజర్వుల మీద తాను నిర్ణయించే బ్యాంక్ రేటు ప్రకారం వడ్డీ చెల్లిస్తోంది. ఆ రేటు 2021 డిసెంబరు మొదట్లో 0.1%. 2023 ఆగస్టుకు 5.25%. 800 బిలియన్ల మీద రేటు ఒక్క శాతం పెరిగితే ఏడాదికి 8 బిలియన్లు, అదీ మర్నాటి నుంచే. బాండ్ల మీద వచ్చే వడ్డీ కంటే రిజర్వుల మీద ఇచ్చేది ఎక్కువైపోయి, ముందే రాసుకున్న పూచీ ప్రకారం 2022 అక్టోబరు నుంచి ఆ నష్టాన్ని ఖజానా నగదుగా భర్తీ చేస్తోంది. దానికి తోడు బ్రిటన్ అప్పులో సుమారు నాలుగో వంతు ధరల సూచీకి ముడిపడిన బాండ్లు. ధరలు పెరిగితే వాటి అసలే పెరుగుతుంది. 2022-23లో వడ్డీ బిల్లు 100 బిలియన్ పౌండ్లు దాటింది.

రిజర్వుల మీద వడ్డీ ఇవ్వడం మానేస్తే సరిపోదా అని అడగవచ్చు. మానేస్తే బ్యాంకులు ఆ డబ్బును ఎంత తక్కువ వడ్డీకైనా వదిలించుకోవాలని చూస్తాయి, ద్రవ్యోల్బణం ఉన్న రోజుల్లో మార్కెట్ వడ్డీ సున్నా వైపు జారుతుంది. లేదా బ్యాంకులు ఫలానా మొత్తం వడ్డీ లేకుండా ఉంచాలని ఆదేశించాలి. అది బ్యాంకుల మీద, వాటి ద్వారా డిపాజిటర్ల మీద వేసే పన్ను. పన్నే వేయాలనుకుంటే ఆ పేరుతోనే వేయడం మేలని నా అభిప్రాయం.

అనుమానం

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. "వృద్ధి రేటు వడ్డీ రేటు కంటే ఎక్కువగా ఉంటే అప్పు గురించి బెంగ అక్కర్లేదు" అని చాలాచోట్ల రాస్తున్నారు. లెక్క ఎవరైనా అంకెలతో చూపిస్తారా?

పద్దుపుస్తకం

చూపిస్తాను. మూడు అంకెలు చాలు: సగటు వడ్డీ రేటు, ధరల పెరుగుదలతో కలిపిన వృద్ధి రేటు, ప్రాథమిక లోటు. ప్రాథమిక లోటు అంటే వడ్డీని పక్కనబెట్టి చూసినప్పుడు ఆదాయం కంటే ఖర్చు ఎంత ఎక్కువ అన్నది.

జీడీపీ 100, అప్పు 100 అనుకుందాం. వడ్డీ 4%, వృద్ధి 6%, ప్రాథమిక లోటు 2. ఏడాది తర్వాత అప్పు 100 + 4 + 2 = 106. జీడీపీ కూడా 106. నిష్పత్తి కదల్లేదు. ఏటా ఆదాయం కంటే 2 ఎక్కువ ఖర్చు పెడుతూ, వడ్డీ మొత్తం కొత్త అప్పుతోనే కడుతూ ఉన్నా భారం పెరగలేదన్నమాట. 2019లో అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ అధ్యక్ష ప్రసంగంలో ఐఎంఎఫ్ మాజీ ముఖ్య ఆర్థికవేత్త ఒలివియే బ్లాన్షార్ చర్చకు పెట్టింది ఈ పరిస్థితినే.

ఇప్పుడు వృద్ధి 3%కి తగ్గి, వడ్డీ 6%కి పెరిగిందనుకోండి. అదే లోటుతో అప్పు 108, జీడీపీ 103, నిష్పత్తి దాదాపు 105. దాన్ని 100 దగ్గర ఆపాలంటే ఏడాది చివర అప్పు 103 మించకూడదు. అంటే 2 లోటు కాస్తా 3 మిగులుగా మారాలి. జీడీపీలో 5 శాతం మేర సర్దుబాటు. ప్రభుత్వ ఆదాయం జీడీపీలో 20% ఉన్న దేశానికి అది మొత్తం ఆదాయంలో నాలుగో వంతు. అంత కోత ఒక్క ఏడాదిలో పెట్టడం ఏ మంత్రివర్గం వల్లా కాదు.

అప్పు 40 ఉన్న దేశానికి ఇదే దెబ్బ తగిలితే? మొదట్లో నిలకడకు సరిపోయే లోటు 0.8. దెబ్బ తర్వాత కావలసిన మిగులు 1.2. సర్దుబాటు 2. కష్టమే గానీ చేయగలిగేది. అప్పు ఎక్కువగా ఉండటం రోజూ బాధించే విషయం కాదు. వడ్డీ, వృద్ధి అడ్డం తిరిగిన రోజున కోత ఎంత లోతుగా పడాలో నిర్ణయించేది అదే.

వేలంపాట

ఆ లెక్కకు ఒక సవరణ. వడ్డీ 4 నుంచి 6 అయింది అన్నప్పుడు మొత్తం అప్పు మీద ఒకేసారి అవదు. కొత్తగా అమ్మే బాండ్ల మీద మాత్రమే పెరుగుతుంది. అందుకే వచ్చే 12 నెలల్లో ఎంత అప్పు గడువు తీరుతుందో ముందు చూడాలి. అమెరికాలో మార్కెట్లో ఉన్న ప్రభుత్వ అప్పులో సుమారు మూడో వంతు ఏడాదిలోపే గడువు తీరేది. అప్పు జీడీపీకి సమానంగా ఉండి, రేట్లు 3 శాతం పెరిగితే, మూడో వంతును కొత్త అప్పుగా తిరగరాసే దేశంలో ఆ ఒక్క విడతతోనే ఏడాది వడ్డీ జీడీపీలో 1 శాతం పెరుగుతుంది. 12లో ఒక వంతు మాత్రమే తిరగరాసే దేశంలో పావు శాతం. కోత పెట్టుకోవడానికి దొరికే వ్యవధి ఈ తేడాలో ఉంది.

ఏ రోజున ఎంత గడువు తీరుతుందన్న క్యాలెండరు ఇంకా ముఖ్యం. 2010లో గ్రీసు రక్షణ ప్యాకేజీ మే మొదట్లోనే ఎందుకు కుదిరిందంటే, మే 19న 8.5 బిలియన్ యూరోల బాండు చెల్లించాలి. అప్పు ఎక్కువన్న సంగతి అప్పటికి ఏళ్లుగా తెలిసిందే. పట్టు బిగించింది ఆ తేదీ.

అలాగని వేలంలో బిడ్లు తక్కువ వచ్చిన ప్రతిసారీ కంగారు పడకూడదు. 2011 నవంబరులో జర్మనీ 6 బిలియన్ యూరోల పదేళ్ల బాండు వేలం పెడితే 3.9 బిలియన్లకే బిడ్లు వచ్చాయి. రాబడి మరీ తక్కువని కొనుగోలుదారులు తగ్గారు తప్ప జర్మనీ తీర్చలేకపోతుందని కాదు. మిగిలినదాన్ని రుణ నిర్వహణ సంస్థ తన దగ్గర ఉంచుకుని తర్వాత అమ్ముకుంది. గమనించాల్సింది వరసగా వేలాల్లో కాలపరిమితి తగ్గుతూ రావడం. పదేళ్ల బాండ్లు అమ్ముడుపోక మూడు నెలల బిల్లులతో నెట్టుకొస్తున్నారంటే పరిస్థితి చేయి దాటుతోందని అర్థం.

అనుమానం

అలా చేయి దాటినప్పుడైనా, సొంత కరెన్సీయే కదా, కేంద్ర బ్యాంకు మొత్తం కొనేస్తే ఎగవేత ఎందుకు జరుగుతుంది?

దిగుమతిపద్దు

జరిగింది. 1998 ఆగస్టు 17, రష్యా. ఎగవేసినవి జీకేఓ అనే రూబుల్ బిల్లులు, డాలర్ బాండ్లు కావు. నెలల్లో గడువు తీరే కాగితాలు. రూబుల్ పడిపోకుండా కాపాడుకోవడానికి ఆ ఏడాది మే చివర్లో కేంద్ర బ్యాంకు రీఫైనాన్సింగ్ రేటును 150%కి పెంచింది. చివరికి రూబుల్ విలువ తగ్గింపు, జీకేఓల స్థానంలో ఎక్కువ గడువున్న కాగితాలు అంటగట్టే బలవంతపు మార్పిడి, ప్రైవేటు సంస్థల విదేశీ చెల్లింపుల మీద 90 రోజుల మారటోరియం (చెల్లింపుల నిలుపుదల), మూడూ ఒకే రోజు ప్రకటించారు.

రూబుళ్లు అచ్చువేసి ఎందుకు కట్టలేదు? కట్టగలరు. కానీ ఆ రూబుళ్లు అందుకున్నవాళ్లు మరుక్షణం డాలర్లు కొంటారు. మారకం రేటును ఒక పరిధిలో ఉంచుతామని ప్రభుత్వం మాట ఇచ్చింది, విదేశీ మారక నిల్వలు కరిగిపోతున్నాయి. పైగా రష్యన్ బ్యాంకులు విదేశీయులకు ముందే అనుకున్న రేటుకు డాలర్లు అమ్ముతామని ముందస్తు ఒప్పందాలు రాసిచ్చాయి. రూబుల్ ఎంత పడితే అంత వాళ్ల నష్టం. అచ్చువేస్తే బ్యాంకులు, కరెన్సీ రెండూ పోయేవి. ఎగవేత ఆ రెండింటికన్నా చవకని లెక్కేసుకున్నారు. జమైకా 2010, 2013లలో స్వదేశీ బాండ్లను మార్పిడి చేసింది, ఘనా 2022 డిసెంబరులో అదే పని మొదలుపెట్టింది. సొంత కరెన్సీ ఉంటే ఎగవేత అసాధ్యమన్న మాట చరిత్రకు నిలవదు.

జపాన్‌కు, వీటికి తేడా అప్పు పరిమాణంలో లేదు. జపాన్ మొత్తంగా విదేశాలకు అప్పిచ్చిన దేశం. 2024లో జర్మనీ దాటేదాకా మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచంలో అతిపెద్ద నికర రుణదాత. యెన్ పడితే జపాన్ విదేశీ ఆస్తుల విలువ యెన్‌లో పెరుగుతుంది. చమురు, మందులు, ఎరువులు కొనడానికే విదేశీ అప్పు కావలసిన దేశంలో కరెన్సీ పడితే ఖర్చు పెరుగుతుంది, సబ్సిడీ పెరుగుతుంది, లోటు పెరుగుతుంది, కరెన్సీ ఇంకా పడుతుంది.

శ్రీలంక సంగతి దగ్గరగా చూడాలి. 2019 డిసెంబరు నుంచి వ్యాట్ 15% నుంచి 8%కి తగ్గించారు. ప్రభుత్వ ఆదాయం 2021 నాటికి జీడీపీలో 9 శాతం కిందకు పడింది. లోటును కేంద్ర బ్యాంకు బిల్లులు కొని పూడ్చింది. అలా వచ్చిన రూపాయలు దిగుమతుల మీదకు వెళ్లాయి, మారకం రేటును మాత్రం బిగించి పట్టుకున్నారు. 2022 జనవరిలో నిల్వలు అడుగంటుతున్నా 500 మిలియన్ డాలర్ల బాండు కట్టేశారు. ఏప్రిల్ 12న విదేశీ చెల్లింపులు ఆపేశామని ప్రకటించారు. జనవరిలో ఆ డాలర్లు ఇంధనానికి ఉంచి అప్పుడే రుణదాతలతో మాట్లాడి ఉంటే మనుషుల ఇక్కట్లు కొంతైనా తగ్గేవి. ఇది నేను గట్టిగా నమ్మే మాట: కట్టలేమని తెలిశాక ఆలస్యం చేసే ప్రతి నెలా జనం మీదే పడుతుంది.

ఖజానా

దిగుమతిపద్దు గారు రాసింది నా వాదనకు వ్యతిరేకం కాదు. రష్యా మారకం రేటుకు మాట ఇచ్చి తన కరెన్సీ స్వేచ్ఛను తానే వదులుకుంది. శ్రీలంక డాలర్లలో అప్పు చేసింది. దిగుమతి సామర్థ్యం హద్దు అని నేను మొదటి టపాలోనే అన్నాను. రెండిటిలోనూ మెడకు చుట్టుకున్నది విదేశీ మారకం.

వడ్డీ విధాన నిర్ణయమే అనడానికి అమెరికా ఉదాహరణ. 1942 నుంచి 1951 దాకా ఫెడరల్ రిజర్వ్ దీర్ఘకాల బాండ్ల రాబడిని 2.5% దగ్గర పట్టి ఉంచింది. యుద్ధం అయ్యేసరికి ప్రజల చేతిలోని అప్పు జీడీపీని దాటింది. 1974కు అది పావు వంతు కన్నా తక్కువ. డాలర్లలో అప్పు తగ్గించలేదు, జీడీపీ పెరిగింది.

అప్పు భయంతో పెట్టే కోత ఎంత నష్టం చేస్తుందో గ్రీసులో చూశాం. అప్పు 150, ప్రభుత్వం జీడీపీలో 1 శాతం ఖర్చు తగ్గించిందనుకోండి. మాంద్యంలో ఆ కోత జీడీపీని 1.5 తగ్గించిందనుకోండి. జీడీపీలో 40% పన్నుగా వచ్చే దేశంలో ఆదాయం 0.6 పడిపోతుంది. మిగిలింది 0.4. అప్పు 149.6, జీడీపీ 98.5, నిష్పత్తి 151.9. కోత పెట్టాక అప్పు భారం దాదాపు 2 పెరిగింది! ఐఎంఎఫ్ వాళ్ల అంచనాల్లో ఈ గుణకం (1 కోత పెడితే జీడీపీ ఎంత తగ్గుతుందన్న అంకె) సుమారు 0.5 అనుకున్నారనీ, సంక్షోభం తొలి ఏళ్లలో అది నిజానికి 1 దాటిందనీ 2013లో బ్లాన్షార్, డేనియల్ లీ రాశారు.

పద్దుపుస్తకం

1942-51 గురించి మీరు వదిలేసిన సగం ఇది. యుద్ధకాలపు ధరల నియంత్రణ ఎత్తేశాక 1946 ఒక్క ఏడాదిలోనే అమెరికాలో వినియోగదారుల ధరలు సుమారు 18% పెరిగాయి. 2.5% బాండు చేతిలో ఉన్నవాడు ఆ తేడా మొత్తం పోగొట్టుకున్నాడు. కొరియా యుద్ధంతో ధరలు మళ్లీ ఎగబాకితే ఫెడ్ ఇక పట్టి ఉంచలేనని 1951 మార్చిలో ఖజానాతో ఒప్పందం చేసుకుని బయటపడింది. అప్పు తగ్గింది నిజమే, అందులో కొంత భాగం పొదుపు చేసుకున్నవాళ్లు కట్టారు.

గుణకం విషయంలో మీ లెక్కతో నాకు పేచీ లేదు. దానివల్ల కోత ఎప్పుడు పెట్టకూడదో తెలుస్తుంది. మాంద్యంలో పెట్టకూడదు, మార్కెట్ తలుపులు మూసుకున్నాక పెట్టాల్సిన స్థితికి రాకూడదు. అందుకే మంచి రోజుల్లోనే జాగా ఉంచుకోవాలి. గుణకం తక్కువగా ఉండే ఏళ్లు అవే.

వేలంపాట

జాగా ఉంచుకున్నా చాలకపోవచ్చు. 2007లో ఐర్లండ్ అప్పు జీడీపీలో 24%, బడ్జెట్ చక్కగా ఉంది. 2012కు 120% దగ్గర. మధ్యలో జరిగిందేమిటంటే ప్రధాన బ్యాంకుల బాకీలు దాదాపు అన్నిటికీ 2008 సెప్టెంబరులో ప్రభుత్వం పూచీ ఇచ్చింది, ఇళ్ల ధరల బూమ్ మీద వచ్చిన పన్నులు ఆవిరైపోయాయి. బడ్జెట్ పత్రాల్లో అప్పు పేజీ కన్నా ముందు పూచీల జాబితా చదవాలంటాను. ప్రభుత్వ రంగ సంస్థల రుణాలు, విద్యుత్ పంపిణీ సంస్థల బకాయిలు, కాంట్రాక్టర్లకు చెల్లించని బిల్లులు, భవిష్యత్ పింఛన్లు. మొజాంబిక్‌లో పార్లమెంటుకు కూడా తెలియకుండా ఇచ్చిన పూచీలు 2016లో బయటపడగానే దాతలు సాయం ఆపేశారు, దేశం ఎగవేతలో పడింది.

2022 సెప్టెంబరులో బ్రిటన్‌లోనూ అంతే, పగులు ఎవరూ చూడని చోట ఉంది. సెప్టెంబరు 23న నిధులు చూపకుండా 45 బిలియన్ పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. పింఛను నిధులు దీర్ఘకాల బాండ్లను తాకట్టు పెట్టి అప్పు తెచ్చి మళ్లీ బాండ్లే కొని ఉన్నాయి. ధర పడగానే అదనపు తాకట్టు అడిగారు, దానికోసం బాండ్లు అమ్మారు, ధర ఇంకా పడింది. 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి, 65 బిలియన్ల దాకా కొంటానని చెప్పి, 19.3 బిలియన్లు కొని ఆపగలిగింది. బ్రిటన్ అప్పంతా పౌండ్లలోనే ఉంది. మారకం రేటుకు ఎవరికీ మాట ఇవ్వలేదు. ఖజానా గారూ, మీ సూత్రం ప్రకారం దానికి ఏ హద్దూ తగలకూడదు.

ఖజానా

తగిలింది హద్దు కాదు, పింఛను నిధుల నియంత్రణలో లోపం. కేంద్ర బ్యాంకు దిగిన రోజునే రాబడి ఒక శాతం మేర పడిపోయింది కదా. దాన్ని ఆపగల శక్తి ఉందని అదే రుజువు.

దిగుమతిపద్దు

ఆపింది కేవలం ఆ కొనుగోళ్లు కాదు. అక్టోబరు 14న కొనుగోళ్లు ఆపేస్తామని గడువు పెట్టారు, సరిగ్గా ఆ రోజే ఆర్థిక మంత్రిని తొలగించారు, 17న కొత్త మంత్రి ఆ పన్ను కోతల్లో చాలా భాగం రద్దు చేశాడు. ద్రవ్యోల్బణం 10% దగ్గర ఉండగా కేంద్ర బ్యాంకు నెలల తరబడి కొంటూ ఉండటం కుదరదు. మీరే మొదట్లో అన్నారు, ధరలు పెరిగే చోట ఆపాలని. బ్రిటన్ ఆ చోటే నిలబడి ఉంది. మీ హద్దు, పద్దుపుస్తకం గారి హద్దు ఆ వారం ఒకే చోట కలిశాయి.

పద్దుపుస్తకం

సరే, హద్దు ఉందనుకుందాం. దాన్ని నియమంగా ఎలా రాయాలన్నది నాకు అసలు ముఖ్యం.

అమెరికా రుణ పరిమితి నమూనా పనికిరాదు. 1917 నుంచి ఏదో రూపంలో ఉంది గానీ, అది ఖర్చును ఆపదు. ఖర్చును, పన్నులను కాంగ్రెస్ వేరే చట్టాలతో ముందే ఖరారు చేస్తుంది. ఆ బిల్లులు కట్టడానికి అప్పు తేవాలా వద్దా అని మాత్రమే ఈ పరిమితి అడుగుతుంది. 2011 ఆగస్టులో ఆ తగవుతోనే రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ అమెరికా రేటింగ్ తగ్గించింది.

జర్మనీ 2009లో రాజ్యాంగంలో పెట్టిన రుణ నిరోధం ఇంకో చివర. కేంద్ర ప్రభుత్వ నిర్మాణాత్మక లోటు (మాంద్యం, బూమ్‌ల ప్రభావం తీసేసి చూసే లోటు) జీడీపీలో 0.35% మించకూడదు. ఫలితంగా అత్యవసర సమయంలో మంజూరైన 60 బిలియన్ యూరోల రుణాధికారాన్ని వాతావరణ నిధికి మళ్లించారు. 2023 నవంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం చెల్లదంది, వారాల్లోనే బడ్జెట్ తిరగరాయాల్సి వచ్చింది. 2025 మార్చిలో రాజ్యాంగం సవరించి 500 బిలియన్ల మౌలిక వసతుల నిధికి దారి తీశారు. నియమం మరీ బిగువుగా ఉంటే పక్కదారులు పుడతాయి.

జమైకా దారి నాకు నచ్చుతుంది. 2013లో అప్పు జీడీపీలో దాదాపు 145%. ప్రాథమిక మిగులు 7.5% లక్ష్యంగా పెట్టుకున్నారు. బాండ్ల వడ్డీ తగ్గించి గడువు పొడిగించారు, జీతాల పెంపు ఆపారు. ప్రైవేటు రంగం, కార్మిక సంఘాలు కూర్చునే పర్యవేక్షణ కమిటీ లెక్కలను క్రమం తప్పకుండా జనం ముందు పెట్టింది. ప్రభుత్వం మారినా దారి మారలేదు. పదేళ్లలో నిష్పత్తి సగానికి వచ్చింది.

ఖజానా

ఆ పదేళ్లలో జమైకా వృద్ధి ఎంత నీరసంగా ఉందో కూడా చెప్పాలి. ప్రతి నియమమూ ముందుగా నరికేది మూలధన వ్యయాన్ని. జీతం ఆపలేరు, పింఛను ఆపలేరు, వడ్డీ ఆపలేరు. సగం కట్టిన వంతెన ఆపగలరు, వంతెన సంఘం పెట్టుకుని సమ్మె చేయదు. ఆపినందుకు గుత్తేదారుకు నష్టపరిహారం, మళ్లీ మొదలుపెట్టేనాటికి పెరిగిన ధర, తుప్పు పట్టిన ఇనుము, అన్నీ తర్వాతి బడ్జెట్ మీద పడతాయి. వడ్డీ-ఆదాయ నిష్పత్తి మీద నియమం పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు, మూలధన వ్యయాన్ని దాని నుంచి మినహాయిస్తే.

వేలంపాట

మినహాయిస్తే ప్రతి ఖర్చూ మూలధనమైపోతుంది. బ్రిటన్ 1997 తర్వాత పెట్టుబడికి మాత్రమే అప్పు అనే నియమం నడిపింది. దానికి తోడు ఆసుపత్రులు, బడులు ప్రైవేటు ఫైనాన్స్ ఒప్పందాలతో కట్టించింది. అప్పు పద్దులో చాలావరకు కనబడదు, కానీ పాతిక ముప్పై ఏళ్లపాటు ఏటా కట్టాల్సిన రుసుము మిగిలింది. ప్రభుత్వం నేరుగా తెచ్చే అప్పు కన్నా ఖరీదు. 2018లో ఇక కొత్త ఒప్పందాలు కుదుర్చుకోబోమని ప్రకటించారు.

మినహాయింపు ఇవ్వాలంటే మూడు షరతులు కావాలి. లెక్క నికరంగా వేయాలి: కొత్త పెట్టుబడిలో నుంచి పాత ఆస్తుల తరుగుదల తీసేశాక మిగిలిందానికే అప్పు. పాత రోడ్డుకు గుంతలు పూడ్చడం పెట్టుబడి కాదు. ప్రభుత్వ సంస్థల నష్టం పూడ్చడానికి వాటాల రూపంలో ఇచ్చే డబ్బు కూడా మినహాయింపులోకి రాకూడదు, ఎక్కువ దుర్వినియోగం జరిగేది అక్కడే. దీర్ఘకాలిక రుసుము ఒప్పందాల నేటి విలువను సంతకం చేసిన రోజునే అప్పులో కలపాలి.

అనుమానం

తరుగుదల ఎంతో ఎవరు తేల్చాలి? ఆర్థిక శాఖే తేలిస్తే తక్కువ చూపిస్తుంది కదా.

వేలంపాట

చూపిస్తుంది. అందుకే ఆ పని ఆర్థిక శాఖ చేతిలో ఉండకూడదు. నెదర్లాండ్స్‌లో 1945 నుంచి సీపీబీ, బ్రిటన్‌లో 2010 నుంచి ఓబీఆర్ లాంటి స్వతంత్ర సంస్థలు బడ్జెట్ అంచనాలు వేస్తున్నాయి. రాగి ఆదాయం మీద ఎక్కువగా ఆధారపడే చిలీ 2001 నుంచి నడిపే నియమంలో రాగి దీర్ఘకాల ధర ఎంత ఉంటుందో మంత్రి చెప్పడు, బయటి నిపుణుల బృందం చెబుతుంది. తరుగుదల రేట్లు కూడా అలాంటి బృందమే ఆస్తి రకాన్ని బట్టి, రోడ్డుకు ఇంత, భవనానికి ఇంత, యంత్రానికి ఇంత అని ఐదేళ్లకోసారి ఖరారు చేయాలి. మధ్యలో మార్చే అధికారం ప్రభుత్వానికి ఉండకూడదు.

ఖజానా

ఐదేళ్లకోసారి ఖరారు చేయడం వరకు ఒప్పుకుంటాను. మాంద్యం వచ్చిన ఏడాది నియమం దానంతటదే సడలే నిబంధన కూడా అదే చట్టంలో ఉండాలి. నిరుద్యోగం ఎంత పెరిగితే సడలాలో అంకెతో రాయాలి, మళ్లీ ఎప్పుడు బిగియాలో కూడా. అది లేకుండా మీ మూడు షరతులకు నేను చేయి ఎత్తను.